చంద్రకాంతం వేలికి పెట్టుకున్న పిల్లలకు

పత్తికొండ, తుగ్గలి, మద్దికెర దావల్లో తిరిగే పిల్లలకు మీ ఆచారి తాత రాసే జాబు.

మీలో రెండు గుంపులు నా అంగడి మెట్లెక్కుతాయి. మొదటిదాంట్లో ఆడపిల్లలు ఎక్కువ. ఫోన్లో చూసి వెండి ఉంగరం తెప్పించుకుంటారు, వేలికి వదులవుతుంది, "తాతా, రవ్వంత బిగించియ్యి" అని కుంపటి ముందర కూచుంటారు. ఉంగరం నడుమ పాలు కలిపిన నీళ్ల రంగులో ఒక గుండ్రటి రాయి. వేలు తిప్పితే లోపల నీలి వెలుగొకటి ఈ అంచు నుంచి ఆ అంచుకు జారుతుంది. మూన్‌స్టోన్ అంటారు మీరు. మన పాత పుస్తకాల్లో చంద్రకాంతం. నేను పని నేర్చుకునే కాలంలో కెంపు, పచ్చ, ముత్యం, పగడం, తెల్లరాయి తప్ప ఇంకో రాయి నా బల్ల మీదికి వచ్చేది కాదు.

రెండో గుంపు తొలకరితో వస్తుంది. నాలుగు వానలు పడి పైమట్టి కొట్టుకుపోతే చాలు, జొన్నగిరి, పగిడిరాయి, పెరవలి చేలల్లో నడుములు వంచి వజ్రాలు వెతికేవాళ్లు. జేబుల్లోంచి, కొంగు ముడుల్లోంచి రాళ్లు తీసి బల్ల మీద పోస్తారు. అద్దం పెట్టి చూసి "కాదప్పా" అంటాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చీ రాకముందే రాయి పోయి మోరీలో పడుతుంది. కాదంటే సరే, మరి ఇదేంటి తాతా అని అడిగినోళ్లు అరుదు. వజ్రం కానిదంతా రాయే కాదనుకునే అలవాటు ఈ గడ్డకు పట్టిన తెగులు. మీరు మోరీలో వేసినవాటిలో ఆ ఆడపిల్లలు డబ్బు పెట్టి కొన్న చంద్రకాంతానికి దగ్గరి చుట్టాలు ఉన్నాయి. అందుకే మీ రెండు గుంపులకూ కలిపి ఒకటే జాబు.

మన గట్టు మీది గుండు నుంచి రాలిన ఒక చెక్క తీసుకొని ఎండలో తిప్పి చూడండి. బూడిద రంగులో గాజుముక్కలాంటిది పలుగు. నల్లగా, పొరలూడేది అభ్రకం. లేత గులాబీ రంగులోనో తెల్లగానో ఉండి, చదునైన ముఖం మీద ఎండ పడగానే ఒక్కసారి తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. భూమి పైపొరలో దగ్గరదగ్గర సగం ఈ జాతి ఖనిజాలే. ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు చెక్కినవాళ్ల ఉలికి ఎక్కువగా తగిలింది ఇదే. ఎండకూ వానకూ ఇది మెల్లగా చివికి బంకమట్టి అవుతుంది. మీరు వజ్రం కోసం గోకే ఎర్రచేలల్లో పెద్ద భాగం ఒకప్పటి ఫెల్డ్‌స్పారే. చంద్రకాంతం కూడా ఆ జాతిదే. అట్లని రేప్పొద్దున సుత్తెలు పట్టుకొని గట్టెక్కొద్దు. మన గుండ్లలో ఉన్నది రత్నం కాదు, జాతి మాత్రమే ఒకటి.

మరి చంద్రకాంతానికి ఆ వెలుగు యాడిది? నేల లోతుల్లో బాగా వేడిగా ఉన్నప్పుడు పొటాషియం ఉన్న ఫెల్డ్‌స్పార్, సోడియం ఉన్న ఫెల్డ్‌స్పార్ కలగలిసి ఒకే ముద్దగా ఉంటాయి. ఎంతో నిదానంగా చల్లారితే ఆ రెండింటికీ పొసగదు. విడిపోయి, ఒక పొర దీనిది, ఒక పొర దానిది, పుస్తకంలో కాగితాల్లా ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. ఆ పొరలు మామూలు కంటికి ఆనవు. లోపలికి పోయిన వెలుతురు వాటి మధ్య చెదిరి వెనక్కొస్తుంది. పొరలు మరీ పలుచనైతే నీలంగా వస్తుంది, మందమైతే తెల్లగా వస్తుంది. నీలానికి ధర ఎక్కువ, తెలుపుకు తక్కువ. తొందరగా చల్లారిన రాయిలో ఈ పొరలు ఏర్పడవు, వెలుగూ ఉండదు.

ఈ సంగతి మీద మన సి.వి. రామన్ కూడా కూచున్నాడు. నోబెల్ బహుమతి వచ్చింది 1930లో. ఇరవై ఏండ్ల తర్వాత, 1950లో, బెంగళూరులో తన శిష్యులతో కలిసి సిలోన్ చంద్రకాంతాల లోపలి కట్టుబడి గురించీ వాటి వెలుగు గురించీ పరిశోధన పత్రం రాశాడు. ముత్యం, ఉపలం, లాబ్రడొరైట్, ఇట్లా వెలుగుతో ఆడుకునే రాయి ఏది దొరికినా ఆయన వదల్లేదు. ఆయన పోగుచేసిన రాళ్లు బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఉన్నాయి. పనుల కోసం బెంగళూరు బస్సెక్కుతుంటారు కదా, ఒకసారి ఎట్లయినా చూసి రండి. నోబెల్ వచ్చిన మనిషి కూడా వజ్రాల పక్కనే ఇంత చవక రాయిని పెట్టుకొని గంటలు గంటలు చూశాడంటే, మనకు చూడ్డానికి నామోషీ ఏంటికి?

మంచి నీలి చంద్రకాంతానికి పేరు మోసిన చోటు శ్రీలంకలో గాలె జిల్లా మీటియాగొడ. మన దేశంలో తమిళనాడు కాంగేయం పక్క దొరుకుతుంది. అక్కడి ఎద్దుల పేరు మీరు వినే ఉంటారు, రాళ్లకూ ఆ ఊరు పేరున్నదే. మన దేశపు రాళ్లలో పాల తెలుపే కాదు, బూడిద, గోధుమ, లేత నారింజ రంగులూ ఉంటాయి. సాన పట్టడం ఎక్కువగా జైపూరులో.

ఇక కథలు. రాయల కాలపు ప్రబంధాల్లో పట్టణ వర్ణన మొదలైతే చంద్రకాంత శిలలు రావాల్సిందే. వెన్నెల సోకగానే అవి కరిగి నీళ్లు కారుస్తాయని కవుల నమ్మకం. నమ్మకమో, అలవాటో. ఎండ తగిలితే నిప్పు కక్కే సూర్యకాంత శిల దీనికి జోడి. వరాహమిహిరుడి బృహత్సంహితలో రత్నాల పట్టిక ఉంది, అందులో శశికాంతం పేరుంది. పేరున్నంత మాత్రాన అది ఇవాళ మీ వేలి మీది రాయేనని ఒట్టేసి చెప్పలేం. పాతవాళ్లు తెల్లగా మెరిసే స్ఫటికాన్ని కూడా ఆ పేరుతో పిలిచి ఉండొచ్చు. నీళ్లు కారడం మాత్రం ఉత్తమాట. రాయి నిజంగా వెన్నెలకు కారేదైతే మనం హంద్రీ-నీవా కాలువ నీళ్లకోసం అంతకాలం మొగం వాచి కూచునే అవసరముండేదా? ఇంటికొక చంద్రకాంతం కొని పందికోన రిజర్వాయరు గట్టు మీద పరిచేవాళ్లం.

తెల్లవాళ్లు కూడా మన మీద కథలు తక్కువ కట్టలేదు. అమెరికాలో టిఫనీ కంపెనీకి రత్నాలు చూసిన జార్జ్ ఫ్రెడరిక్ కుంజ్ అనే ఆయన 1913లో రత్నాల విశ్వాసాల మీద పెద్ద పుస్తకం రాశాడు. భారతదేశంలో చంద్రకాంతాన్ని పవిత్రంగా చూస్తారు, పసుపు బట్ట మీద తప్ప అమ్మకానికి పెట్టరు అన్నాడు. నా జీవితంలో ఏ అంగట్లోనూ ఆ పసుపు బట్ట నా కంటపడలేదు. రాళ్లు మనకు వచ్చేది మడిచిన కాగితం పొట్లాల్లో. పున్నమి రాత్రి నోట్లో పెట్టుకుంటే ప్రేమికులకు ముందు జరిగేది కనబడుతుందని కూడా అందులో ఉంది. మింగేస్తే ఏమవుతుందో రాయలేదు.

ఇంకో పుస్తకం సంగతి వజ్రాల పిల్లలకు నచ్చుతుంది. 1868లో విల్కీ కాలిన్స్ అనే ఇంగ్లీషు రచయిత చంద్రకాంతం పేరుతోనే నవల రాశాడు. ఇంగ్లీషులో డిటెక్టివ్ నవలలకు దాన్ని మొదటి మెట్టు అంటారు. తీరా చదివితే అందులో రాయి చంద్రకాంతమే కాదు, పసుపుపచ్చ వజ్రం. 1799లో శ్రీరంగపట్నం పడినప్పుడు టిప్పు సుల్తాను కోటలోంచి ఒక దొర దొంగిలించుకు పోయినట్టు కథ. పేరు మాత్రం చంద్రకాంతానిది, విలువ వజ్రానిది. అక్కడా పాపం ఈ రాయికి సొంతంగా నిలబడే చోటివ్వలేదు.

చంద్రుడితో దీనికి సంబంధమే లేదా అంటే ఉంది, కవులు చెప్పిన దావన కాదు. ఆకాశంలో మనకు తెల్లగా కనబడే చంద్రుడి ఎత్తు ప్రాంతాలు అనార్థొసైట్ అనే బండ. దాంట్లో దాదాపు అంతా ఫెల్డ్‌స్పారే, కాల్షియం ఎక్కువున్న రకం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినాక ప్రజ్ఞాన్ బండి చక్రాల కింది మట్టిని పరీక్షించి పంపిన లెక్క కూడా ఆ బండకే సరిపోయింది. అంతకు ముందు ల్యాండరును దింపే పరీక్షలకు చంద్రుడి మీది మట్టిలాంటి మట్టి ఇస్రోకు కావలసి వస్తే, తమిళనాడు నామక్కల్ జిల్లా సీతంపూండి పక్కన ఆ బండే దొరికింది, దాన్నే పొడి కొట్టించారు. మీ ఉంగరంలో రాయి చంద్రుడి నుంచి రాలేదు గానీ దాని జాతి అక్కడా ఉంది. ఫ్లోరిడా రాష్ట్రం 1970లో చంద్రకాంతాన్ని తన అధికార రత్నంగా ప్రకటించుకుంది, అపోలో నౌకలు ఎగిరింది అక్కడి నుంచే అని. ఆ రాష్ట్రంలో ఆ రాయి దొరకదు. రాజకీయం యాడైనా రాజకీయమే.

మోసాల సంగతి కొంచెం. ఫోన్లో మీకు కనబడే వాటిలో ఇంద్రధనుస్సు మూన్‌స్టోన్ అని ఒకటుంది. నీలం, ఆకుపచ్చ, పసుపు మెరుపులు మెరిసే తెల్లరాయి. అది లాబ్రడొరైట్. ఫెల్డ్‌స్పారే, నకిలీ కాదు, అందమైనదే, కానీ అసలు చంద్రకాంతం వేరు. అసలు దొంగ ఓపలైట్ అనే గాజు. నల్లటి బట్ట మీద పెడితే నీలంగా కనబడుతుంది, దీపానికి అడ్డం పెట్టి చూస్తే నారింజ రంగులోకి మారుతుంది. ఆ నీలం రంగు రాయంతా ఒకేలా పరుచుకొని ఉంటుంది, తిప్పినా జారదు. అద్దంలో చూస్తే గుండ్రటి గాలిబుడగలు. చెంపకు ఆనిస్తే రాయంత చల్లగా ఉండదు. చంద్రకాంతంలో బుడగలుండవు, దానికి బదులు సన్నటి చీలికలు వరసగా కాళ్లు చాచి ఉంటాయి. జెర్రి అంటాం మేము, ఇంగ్లీషువాళ్లదీ ఆ పోలికే. జెర్రి ఉందంటే రాయి అసలుది. పెద్దదైతే మాత్రం విరగడానికి తయారుగా ఉందని అర్థం. వెలుగు కూడా చూసుకోండి. రాయి నెత్తిన నడుమ నిలబడాలి. అంచుకు పోయి ఆగిందంటే సాన పట్టినవాడు పొరల వాటం చూసుకోకుండా కోసేశాడు. గుండ్రంగా, బోర్లా సాన పట్టేది కూడా ఇందుకే. ముఖాలు కోస్తే ఆ వెలుగు ముక్కలైపోతుంది.

ఇక పని. దీన్ని చేత్తో పట్టుకునేవాళ్లు, పని నేర్చుకోవాలనుకునే ఇద్దరు ముగ్గురు పిల్లలు, ఇది నిదానంగా చదవండి.

రాళ్ల గట్టిదనానికి మోస్ అనే ఆయన 1812లో కట్టిన పది మెట్ల కొలత ఉంది. పదో మెట్టు వజ్రం, తొమ్మిదోది కెంపు, ఏడోది పలుగు. ఆరో మెట్టుకు గుర్తుగా ఆయన పెట్టుకున్నదే ఫెల్డ్‌స్పార్. చంద్రకాంతం ఆరూ ఆరున్నర మధ్య ఉంటుంది. మన చేతిలో ఆకురాయి ఉక్కు కూడా ఇంచుమించు అంతే. రాయి కూచునే గూడు అంచు రాకేటప్పుడు ఆకురాయి ఒక్కసారి జారిందా, రాయి మీద గీత పడుతుంది. ఎమరీ కాగితం అయితే చెప్పనే అక్కర్లేదు. కెంపు పొదిగేటప్పుడు మనకు ఈ భయం తెలియదు, అందుకే చేతికి ఆ అలవాటు లేదు. దీనికి మాత్రం గూడును ముందే రాకి, మెరుగు పెట్టి, చివరికి రాయి కూచోబెట్టాలి.

గట్టిదనం ఒక ఎత్తు, చీలిక ఇంకో ఎత్తు. ఈ రాయి రెండు దిక్కులా, దాదాపు మూలమట్టంగా, నున్నగా చీలిపోతుంది. సుత్తి దెబ్బతో గూడు మూయొద్దు. మెత్తటి వెండితో పలుచని గోడ కట్టి, ఒక పక్క కొంచెం, దాని ఎదురు పక్క కొంచెం, చేతి ఒత్తిడితో నిదానంగా వాల్చండి. నాలుగు కొనలతో పట్టించే పొదుగు చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ కొనలన్నీ రాయి మీద నాలుగు చోట్లే బరువేస్తాయి. చుట్టూ గోడ ఉన్నదే మేలు. రాయి అడుగు చదునుగా కూచుందా, కింద ఇసుక రేణువు గానీ టంకం బొట్టు గానీ మిగిలిందా చూసుకోండి. పై నుంచి ఒత్తేటప్పుడు అడుగున రేణువుంటే రాయి అక్కడి నుంచే చీలుతుంది. గూడు వెనక మూసి ఉంచితే లోపల చీకటికి నీలం ఇంకా బాగా తేలుతుంది.

మంట సంగతి మొదటే చెప్పాల్సింది. ఉంగరం బిగించాలంటే కోసి, కొంచెం తీసి, వెలిగారం పూసి టంకం వెయ్యాలి. రాయి గూట్లో ఉండగా ఊదుగొట్టం పట్టారా, ఒక పక్క కాగి, ఒక పక్క చల్లగా ఉండి లోపల పొరల వెంబడి పగులుతుంది. మసిపట్టిన వెండిని ఆమ్లంలో ముంచితే రాయి మెరుగు పోవచ్చు. అందుకే నేను ముందు రాయి ఊడదీస్తాను. గూడు విప్పడమంటే గోడ కొంచెం పాడవడమే, మళ్లీ సరిచేయాలి, అందుకు కూలి ఎక్కువ. ఉంగరం చవకది, కూలి ఎక్కువది అని మీకు కోపం వస్తుంది, నాకు తెలుసు. పెద్ద ఊర్లలో లేజరు టంకం మిషన్లు వచ్చినాయి. వాటి వేడి ఒక్క చుక్కంత చోటే ఆగుతుంది, రాయి తీయకుండానే పని అవుతుంది. అక్కడికి పోదామంటే పోండి, నేనేమీ అనుకోను. మంట పెట్టి క్షణంలో చేసిస్తానన్నవాడి దగ్గరికి మాత్రం పోవద్దు.

ఇంట్లో చూసుకోవడం. మన ఊర్ల దుమ్ములో పలుగు పొడి ఉంటుంది, అది ఏడో మెట్టుది, మీ రాయి ఆరోది. మద్దికెర దావలో బండి మీద వచ్చి, దుమ్ము పట్టిన ఉంగరాన్ని పొడి కొంగుతో గట్టిగా తుడిచారంటే సాన పట్టినట్టే. కొన్నాళ్లకు రాయి మొగం మబ్బు పట్టినట్టు అవుతుంది, తాతా వెలుగు పోయింది అంటారు. వెలుగు లోపల ఉంది, యాడికీ పోలేదు, పైన గీతలు పడ్డాయి. ముందు నీళ్లు పోసి దుమ్ము కడిగేయండి, ఆ తర్వాతే మెత్తటి నూలుబట్ట. మురికి పట్టితే గోరువెచ్చని నీళ్లలో చుక్క సబ్బు, పాత టూత్‌బ్రష్ చాలు. మన ఇండ్లలో నగలను కుంకుడు రసంలో వేసి ఉడికించే పద్ధతి బంగారానికి సరే, దీనికి కాదు. ఎండాకాలం ఎండలో కాగిన రాయి మీద ఫ్రిజ్ నీళ్లు పోయొద్దు. అంగళ్లలో గుయ్యిమనే అల్ట్రాసానిక్ డబ్బాలు, ఆవిరి మిషన్లు రెండూ దీనికి పనికిరావు.

కెంపుల కమ్మలతో కలిపి ఒకే డబ్బాలో వెయ్యొద్దు. విడిగా ఒక గుడ్డసంచి. రోజూ గిన్నెలు తోమే చేతికీ, చెనిక్కాయ పీకే చేతికీ, బండి నడిపే చేతికీ ఉంగరంగా ఇది తగదు. మెడలో లాకెట్టుగానో, చెవులకో వేసుకుంటే ఏండ్లతరబడి అట్లే ఉంటుంది. బరువు కూడా తక్కువే తల్లీ. నీళ్లకు రెండున్నర రెట్లకు కొంచెం పైన, కెంపు నాలుగు రెట్లు. ఒకే క్యారెట్ బరువుకు ఇది పెద్దగా కనబడుతుంది, చెవి లాగదు.

చివరికి మిగిలింది జాతకం. చంద్రుడికి ముత్యం, ముత్యం కొనలేనివాళ్లకు ఉపరత్నంగా చంద్రకాంతం అని పంచాంగాల వాళ్లు చెప్తారు. మనశ్శాంతి కావాలని వచ్చి కొనుక్కుంటామంటే నేను కాదనను, వాదించను. కానీ మీలో ఎవరైనా రేపు అంగడి పెట్టి ఈ రాళ్లు అమ్మితే, కథ చెప్పండి, కథకు ధర కట్టొద్దు. నీ కొడుక్కి చంద్రదోషం ఉందమ్మా, ఇది వేయకపోతే చదువు రాదు అని భయపెట్టి పది రెట్లు తీసుకున్నవాళ్లను నేను చూశాను. పంట పోయి, టమోటా ధర పడిపోయి వచ్చిన మనిషికి ఇంకో భయం అమ్మడం వృత్తి కాదు. బిల్లు మీద రాయి పేరు ఉన్నదున్నట్టు రాయండి. చంద్రకాంతమైతే చంద్రకాంతం, లాబ్రడొరైట్ అయితే లాబ్రడొరైట్, గాజయితే గాజు. గాజుకూ గిరాకీ ఉంటుంది, గాజు ధరకు. బరువు, వెండి తూకం, కూలి విడివిడిగా వెయ్యండి. దీన్ని మరిగే నీళ్లలో వెయ్యొద్దు అన్న మాట కూడా ఆ కాగితం కిందనే రాసివ్వండి, ఇంటికి పోయినాక గుర్తుండదు.

ఇట్లు
మీ ఆచారి తాత
పత్తికొండ